కిటికీకి అంటించిన నీలం కాగితం

ప్రశ్న: అక్కా, మేం ఇంగ్లండ్‌లో రెడింగ్ దగ్గర ఉంటున్నాం. మా వీధి చివర మన తెలుగాయన కిరాణా షాపు ఉంది. కరివేపాకు, దోసెల పిండి, సోనా మసూరి, అన్నీ అక్కడే కొంటాం. ఆ మధ్య షాపు అద్దానికి లేత నీలం కాగితం ఒకటి అంటించారు. రోజూ ఉదయం 8 నుంచి రాత్రి 11 దాకా మద్యం అమ్ముకోవడానికి లైసెన్స్ ఇమ్మని కౌన్సిల్‌కి (ఇక్కడి మునిసిపాలిటీ లాంటిది) పెట్టుకున్నారట. ఎదురుగా ప్రైమరీ స్కూలు, మా పాప అక్కడే చదువుతోంది. పక్కన చిన్న పార్కు. అందులో బెంచీ మీద మధ్యాహ్నం నుంచే కొందరు బీరు డబ్బాలు పట్టుకుని కూర్చుంటారు. ఆ రోడ్డు మీద మందు అమ్మే షాపులు ఇప్పటికే రెండున్నాయి. పక్కింటి ఇంగ్లీషావిడ సంతకాల కాగితం పట్టుకుని వచ్చింది. మా ఆయనేమో "మనవాళ్ళ షాపు, మనకెందుకు గొడవ" అంటారు. మా అమ్మ నెల్లూరు జిల్లా నుంచి విజిటర్ వీసా మీద వచ్చి ఉంది. అప్పట్లో సారా వేలంపాటలు ఆపించిన ఆడవాళ్ళలో తనూ ఒకతె. "ఊరికే చూస్తా కూర్చుంటే ఎట్లమ్మా, రాయి" అని రోజూ పోరు. రాస్తే ఆయనకి నా పేరు తెలుస్తుందా? కౌన్సిల్ వాళ్ళు అసలు వింటారా? గడువు ఇంకా పదకొండు రోజులే ఉంది.
— ఒక చెల్లెలు

సమాధానం: చెల్లెమ్మా, ముందే ఒక సంగతి చెప్పేస్తాను. నా మాట ఎంతవరకు నమ్మాలో ఆ తర్వాత మీరే తూచుకోండి. నేనూ మా ఆయనా మిడ్‌లాండ్స్‌లో పదిహేడేళ్ళు షాపు నడిపాం. అలాంటి నీలం కాగితం మా అద్దానికీ అంటించాం. అప్పుడు ఎదురింటి పెద్దావిడ మా మీద కౌన్సిల్‌కి రాసింది. అంటే మీ షాపాయన రేపు కూర్చోబోయే కుర్చీలో నేను ఒకసారి కూర్చుని లేచినదాన్నే.

మీరు అడిగినవాటిలో సూటిగా తేలేది పేరు సంగతి. ఆయనకి తెలుస్తుంది. మీరు రాసిన ఉత్తరం కాపీ దరఖాస్తుదారుకి వెళుతుంది, హియరింగ్‌కి, అంటే కౌన్సిలర్ల ముందు జరిగే విచారణకి, ముందు కౌన్సిల్ బయటపెట్టే కాగితాల్లోనూ ఉంటుంది. ఫోన్ నంబర్, సంతకం లాంటివి కొట్టేస్తారు గానీ పేరు, ఏ వీధి అన్నవి సాధారణంగా దాచరు. బెదిరింపుల భయం లాంటి గట్టి కారణం ఉంటే తప్ప. "మళ్ళీ కరివేపాకుకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను" అన్నది ఆ లెక్కలోకి రాదు. అందుకే రాయడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

కౌన్సిల్ వింటుందా అన్నది కొంచెం పెద్ద కథ. ఇంగ్లండ్, వేల్స్‌లో ఇదంతా 2003 నాటి లైసెన్సింగ్ చట్టం ప్రకారం నడుస్తుంది. అంతకుముందు మెజిస్ట్రేట్ల చేతిలో ఉండే పని 2005 నవంబర్ నుంచి కౌన్సిళ్ళ చేతికొచ్చింది. ఈ చట్టంలో మనవాళ్ళకి వింతగా అనిపించేది ఒకటుంది. గడువులోగా పోలీసులు గానీ, ఇతర శాఖలు గానీ, మీలాంటి వాళ్ళు గానీ ఎవరూ చెల్లుబాటయ్యే అభ్యంతరం రాయలేదనుకోండి, కౌన్సిల్ లైసెన్స్ ఇచ్చి తీరాలి. కాదనే అధికారమే దానికి లేదు. ఆఫీసులో ఒక అధికారి సంతకంతో పని అయిపోతుంది. ఒక్కరు పద్ధతిగా రాసినా ఫైలు ముగ్గురు కౌన్సిలర్ల ముందుకొస్తుంది, హియరింగ్ పెట్టాలి. కాబట్టి "నా ఒక్కదాని ఉత్తరంతో ఏమవుతుంది" అనుకోకండి. హియరింగ్ జరగడానికి ఒక్క ఉత్తరం చాలు.

కానీ ఆ కౌన్సిలర్లు వినేది నాలుగే నాలుగు సంగతులు. నేరాలు, అల్లర్లు పెరుగుతాయా. జనం భద్రతకి ముప్పా. చుట్టుపక్కల వాళ్ళకి ఇబ్బందా. పిల్లలకి హాని జరుగుతుందా. ఐదోది లేదు. తాగడం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఆ గదిలోకి రానే రాదు. "ఇప్పటికే రెండు షాపులున్నాయి, మూడోది ఎందుకు" అన్నది కూడా అక్కడ చెల్లదు. అవసరం ఉందా లేదా అన్నది వ్యాపారం చేసేవాడు చూసుకోవాల్సిన లెక్క, లైసెన్సింగ్ కమిటీది కాదని ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతాయి. మద్యం షాపులు మితిమీరిపోయాయని కౌన్సిల్ ముందే లెక్క తీసి, ఫలానా ప్రాంతం అని తన పాలసీలో రాసుకుని ఉంటే అది వేరే సంగతి. మీ రోడ్డు అందులో ఉందేమో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో లైసెన్సింగ్ పాలసీ తెరిచి చూడండి, పది నిమిషాల పని. ఇళ్ళ ధరలు, పార్కింగ్, "మన సంస్కృతి", ఇవేవీ రాయకండి. ఉత్తరంలో అవి ఎంత ఎక్కువుంటే అసలు విషయం అంత పలచబడుతుంది.

(మీరు గ్లాస్గోలో ఉండి ఉంటే నా జవాబు వేరేగా ఉండేది. స్కాట్లండ్ చట్టంలో ప్రజారోగ్యం కూడా ఒక లక్ష్యం, షాపుల్లో మద్యం ఉదయం 10 నుంచి రాత్రి 10 దాకానే. ఇంగ్లండ్‌లో అలాంటి గీత లేదు. షాపు తెరిచి ఉన్నంతసేపూ మద్యం అమ్ముకోనివ్వడమే మామూలు, వద్దనడానికి తగిన కారణం చూపాలన్నది ఇక్కడి పద్ధతి.)

ఇప్పుడు అమ్మగారి సంగతి. ఆవిడ మాట తీసిపారేయకండి. దూబగుంట నుంచి మొదలైన ఆ గాలికి నెల్లూరులో సారా పాటలు మాటిమాటికీ వాయిదా పడ్డాయి, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో ఏకంగా సంపూర్ణ మద్యనిషేధమే వచ్చింది. రెండేళ్ళకే ఎత్తేశారనుకోండి, అయినా చీపురు పట్టుకుని నిలబడిన ఆడవాళ్ళు ప్రభుత్వాన్ని వంచారన్నది ఆవిడ కళ్ళారా చూసిన నిజం. అదే కళ్ళతో ఇక్కడా చూస్తున్నారు. కానీ అక్కడ పాట పెట్టింది ప్రభుత్వమే, ఆ డబ్బు ప్రభుత్వానికే. ఇప్పటికీ అంతే. తెలంగాణలో 2025లో 2,620 షాపులకి లాటరీ తీస్తే, దరఖాస్తు పెట్టినందుకే 3 లక్షలు, షాపు రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. ఇక్కడ లాటరీ లేదు, పాట లేదు. మీ షాపాయనలాంటి చిన్న షాపుకి దరఖాస్తు ఫీజు మామూలుగా 190 పౌండ్లు, తర్వాత ఏడాదికి 180. మాకైతే ఆ ఫీజు కంటే లోకల్ పేపర్లో వేయించాల్సిన ప్రకటనకే ఎక్కువైంది. కాబట్టి ఇక్కడ ఎవరినీ వంచాల్సిన పని లేదు. ఆ ముగ్గురు కౌన్సిలర్లకి, ఆ బెంచీ దగ్గర ఏం జరుగుతోందో తెలియజేయాలి. అంతే.

అందులో మీకంటే, మీ పక్కింటావిడకంటే అమ్మగారే పనికొస్తారు. మీరిద్దరూ పొద్దున పోతే సాయంత్రానికి గానీ ఇంటికి రారు. పగలంతా కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు చూసేది ఆవిడే కదా! ఒక నోట్‌బుక్, పెన్ను చేతికివ్వండి. తేదీ, టైము, ఏం కనిపించింది, ఎంతమంది, తెలుగులోనే రాయమనండి. "మంగళవారం, 3.10, బెంచీ మీద నలుగురు. బడి వదిలారు. ఒకతను డబ్బా తన్నితే స్ట్రోలర్‌కి తగిలింది." ఇలాంటి వాక్యాలు పది ఉంటే, పక్కింటావిడ కాగితం మీద వంద సంతకాలకంటే ఎక్కువ తూగుతాయి. ఆవిడ మీద చులకనతో అనడం లేదు. సంతకాల పట్టిక ఎంత పొడుగున్నా అందులో చెప్పిన సంగతి ఒక్కటే. అది కూడా తరచుగా "మాకు ఇష్టం లేదు" అనే. ఒకే ఉత్తరం పదిమంది కాపీ కొట్టి పంపినా అంతే. మీకు నచ్చితే సంతకం పెట్టండి గానీ, దాంతో పని అయిపోయిందనుకోకండి.

అమ్మగారు తన పేరుతోనే విడిగా రాయొచ్చు. షాపు దగ్గర్లో నివసించేవాళ్ళే రాయాలన్న నియమం 2012లోనే తీసేశారు, ఎవరైనా రాయొచ్చు. విజిటర్ వీసా అయినా పర్వాలేదు. మీరు ఇంగ్లీషులోకి మార్చి, ఆవిడ చెప్పినది మీరు అనువదించారని కింద ఒక ముక్క రాయండి. హియరింగ్ నాటికి ఆవిడ తిరుగు ప్రయాణం కట్టి ఉన్నా ఫర్వాలేదు, రాసింది చదువుతారు.

చూసినదే ఎందుకు రాయాలంటున్నానంటే, జరుగుతుందేమో అన్న భయానికి ఇక్కడ విలువ తక్కువ. లివర్‌పూల్ పక్కన విరల్‌లో ఒక పబ్బు ఎక్కువసేపు తెరుచుకుంటామని అడిగింది. పోలీసులకి అభ్యంతరం లేదు. చుట్టుపక్కల వాళ్ళు మాత్రం వేరే చోట్ల నుంచి తాగుబోతులంతా ఇటే వస్తారని భయపడ్డారు. అప్పీలులో మెజిస్ట్రేట్లు ఆ భయాన్ని పట్టుకుని వేళలు తగ్గించారు. 2008లో హైకోర్టు దాన్ని కొట్టేసింది, ఆధారం లేని ఊహ మీద తీర్పు నిలబడదని. డేనియల్ త్వైట్స్ కేసు అంటారు. షాపు తరఫున వచ్చే లైసెన్సింగ్ ఏజెంటుకి ఆ పేరు నోటికి వచ్చి ఉంటుంది. మీ హియరింగ్‌లో ఆయన అనబోయే మొదటి మాట కూడా చెప్పేయగలను: "పోలీసులు అభ్యంతరం చెప్పలేదు." దానికి జవాబు అమ్మగారి నోట్‌బుక్కే. అన్నట్టు, బెంచీ గొడవ గురించి ఇంతకుముందు ఎప్పుడైనా పోలీసులకి గానీ కౌన్సిల్‌కి గానీ ఫిర్యాదు చేసి ఉంటే ఆ రిఫరెన్స్ నంబర్ వెతికి పట్టుకోండి. చేయకపోతే ఇకనుంచి చేయండి.

ఇంకో మాట. "లైసెన్స్ ఇవ్వొద్దు" అని ఒక్క ముక్కలో అడక్కండి. అది అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు, దొరికేది తక్కువ. ఇవ్వకూడదని మొదటి పేరాలో చెప్పండి, తప్పదు, ఇవ్వాల్సి వస్తే ఈ షరతులు పెట్టండి అని రెండో పేరాలో రాయండి. కౌన్సిలర్లకి అలాంటి కాగితం చేతికొస్తే పని సులువవుతుంది. మీ చోట నేనుంటే ఏం అడుగుతానంటే, బెంచీ దగ్గర కూర్చునేవాళ్ళు కొనేది ఎక్కువగా విడి డబ్బాలే, అందుకని విడి డబ్బాలు అమ్మకూడదని, ఆల్కహాల్ 6.5 శాతం దాటిన ఘాటు బీర్లు, సైడర్లు (ఆపిల్ రసంతో చేసే మద్యం) పెట్టకూడదని. విస్కీ, వోడ్కా సీసాలు కౌంటర్ వెనకే ఉండాలని, ఆ చిన్న చిన్న బుడ్డీలతో సహా. స్కూలు వైపు అద్దానికి మద్యం పోస్టర్లు వద్దని. కెమెరా గుమ్మం బయటకి కూడా చూడాలని, రికార్డింగ్ 31 రోజులు ఉంచాలని. 25 ఏళ్ళలోపు కనిపించే ప్రతివాడినీ గుర్తింపు కార్డు అడగడం, అమ్మనన్నప్పుడల్లా పుస్తకంలో రాయడం, ఇవి ఆయనే దరఖాస్తులో ఒప్పుకుని ఉండొచ్చు. దరఖాస్తు చూపించమని కౌన్సిల్‌ని అడిగి, ముందు అది చదవండి. ఉన్నదాన్నే మళ్ళీ అడిగితే చదవకుండా రాశారని తెలిసిపోతుంది. స్కూలు మొదలయ్యే, వదిలే వేళల్లో అమ్మకం ఆపమనడం కష్టమే. కానీ ఉదయం 8 బదులు 10 నుంచి అన్నది, నోట్‌బుక్‌లో పొద్దుటిపూట గొడవలు నిజంగా ఉంటే, అడిగి చూడొచ్చు. లేకపోతే వద్దు.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన సంగతి. ఉత్తరం పంపే ముందు షాపుకి వెళ్ళి ఆయనతో మాట్లాడండి. మధ్యాహ్నం రద్దీ లేని వేళ, కొనేదేదో కొని, డబ్బులిచ్చాక. "అన్నయ్యా, మీ కాగితం చూశాను, బెంచీ సంగతి నాకు టెన్షన్‌గా ఉంది, కౌన్సిల్‌కి రాద్దామనుకుంటున్నాను, మీకు చెప్పకుండా రాయడం ఇష్టం లేక వచ్చాను" అనండి. ఆయన మొహం మాడ్చుకోవచ్చు. "మనవాళ్ళే ఇలా చేస్తే ఎలాగమ్మా" అనొచ్చు. అననివ్వండి. ఆయన వైపు నుంచి కూడా ఒక్క నిమిషం చూడండి. కరివేపాకు కట్ట మీద ఏం మిగులుతుంది? పిండి, పప్పు పెద్ద సూపర్‌మార్కెట్లు కూడా అమ్ముతున్నాయి. బీరు మీద లాభం మరీ ఎక్కువేం కాదు గానీ, దానికోసం సాయంత్రం గుమ్మం తొక్కినవాడు పాలూ బ్రెడ్డూ కూడా పట్టుకుపోతాడు. మేం లైసెన్స్ పెట్టుకున్నది ఆ సాయంత్రాల కోసమే. అద్దె కట్టలేక షాపు మూసేస్తే మీకూ దోసెల పిండికి బస్సెక్కడమే. ఇవన్నీ ఆయన చెబితే వినండి, విన్నాక షరతుల కాగితం చూపించండి. ఆయన వాటికి ఒప్పుకుని దరఖాస్తు మార్చుకుంటే, మీలా రాసిన మిగతావాళ్ళు కూడా సరేనంటే, హియరింగే అక్కర్లేకుండా తేలిపోతుంది. అయితే గడువు ముగిసేలోపు రాతపూర్వకంగా ఒప్పందం చేతికి రాకపోతే మాత్రం ఆయన మాట మీద ఆగిపోకండి, ఉత్తరం పంపేయండి. తర్వాత వెనక్కి తీసుకోవచ్చు గానీ, గడువు దాటాక కొత్తగా పెట్టలేరు.

మా ఎదురింటావిడ మాకు ముందు చెప్పలేదు. కాగితాల కట్టలో ఆవిడ పేరు చూసినరోజు నాకు ఒళ్ళు మండిపోయింది. రోజూ ఉదయం ఆవిడకి పాలు, పేపరు ఇచ్చేది నేనే! ఆ ఉత్తరంలో ఉన్నది ఒకటే సంఘటన: శుక్రవారం సాయంత్రం బస్టాప్ దగ్గర స్కూలు పిల్లలు ముగ్గురు, దారినపోయే పెద్దవాళ్ళకి డబ్బులిచ్చి సైడర్ కొని తెమ్మని అడగడం. తేదీ, టైము రాసింది. పిల్లల కోసం అలా కొనిపెట్టడం కూడా నేరమే, కానీ షాపులో కౌంటర్ వెనక ఉన్నవాళ్ళకి బస్టాప్ కనిపించదు. కౌన్సిలర్లు మాకు లైసెన్స్ ఇచ్చారు, బస్టాప్ వైపు ఒక కెమెరా పెట్టమన్నారు. ఆ కెమెరా వల్ల తర్వాత చాలాసార్లు మేం అమ్మకుండా ఆగాం. ఆవిడ మాత్రం మళ్ళీ మా షాపు గడప తొక్కలేదు. పాలకి కూడా రాలేదు. నేనూ వెళ్ళి పలకరించలేదు, అది నా తప్పు.

మీ ఆయన "మనవాళ్ళు" అన్నదానికి నా దగ్గర వేరే జవాబేం లేదు. కానీ ఒక్క జాగ్రత్త: ఈ సంగతి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో వేయకండి. సాయంత్రానికి అది మద్యం గురించి ఉండదు, ఏ జిల్లా వాళ్ళు ఏం చేశారన్న దగ్గర తేలుతుంది.

హియరింగ్ వస్తే భయపడకండి. అభ్యంతరాల గడువు ముగిసిన 20 పనిదినాల్లోపు పెడతారు, తేదీ ముందే తెలుపుతారు. వస్తారా లేదా, మాట్లాడతారా అని అడిగే ఫారం ఉంటుంది, అది ఐదు పనిదినాల ముందే తిప్పి పంపండి. కోర్టులాగా ఉండదు. పొడుగు బల్ల, నీళ్ళ జగ్గు, ముగ్గురు కౌన్సిలర్లు, పక్కన లాయరొకరు. రెండు పక్షాలకీ సమానంగా కొన్ని నిమిషాలే ఇస్తారు. రాసిందంతా చదవకండి, వాళ్ళు ముందే చదివి వస్తారు. బెంచీ గురించి మూడు సంఘటనలు, షరతుల్లో ముఖ్యమైనవి రెండు చెప్పి కూర్చోండి. మీకు నోరు పెగలదనిపిస్తే మీ వార్డు కౌన్సిలర్‌ని మీ తరఫున మాట్లాడమని అడగొచ్చు. తీర్పు నచ్చకపోతే 21 రోజుల్లో మెజిస్ట్రేట్ కోర్టుకి వెళ్ళొచ్చు, కానీ ఖర్చులు నెత్తిన పడే ప్రమాదం ఉంది, నేనైతే ఆ దారి తొక్కను. లైసెన్స్ వచ్చాక నిజంగా పిల్లలకి అమ్ముతున్నారనో, బెంచీ దగ్గర గొడవ ముదిరిందనో తేలితే, లైసెన్స్‌ని మళ్ళీ విచారించమని మీరే అడగొచ్చు. దానికి ఫీజు లేదు. వేళలు తగ్గించడం నుంచి లైసెన్స్ రద్దు దాకా అప్పుడు ఏదైనా చేయొచ్చు. కాబట్టి అమ్మగారు వెళ్ళిపోయినా నోట్‌బుక్ పారేయకండి.

ఆఖరి తేదీ ఆ నీలం కాగితం మీదే ఉంటుంది. ఇవాళే వెళ్ళి ఫోన్‌తో ఫొటో తీసుకోండి. అందులో ఇచ్చిన కౌన్సిల్ అడ్రస్‌కి ఉత్తరం ఆఖరి రోజుకి రెండు రోజుల ముందే మెయిల్ చేసి, అందిందని జవాబు వచ్చేదాకా ఊరుకోకండి. నోట్‌బుక్ పేజీల ఫొటోలు, వాటి అనువాదం కూడా ఆ మెయిల్‌కే జత చేయండి. హియరింగ్ రోజున చేత్తో పట్టుకెళితే, అవతలివాళ్ళు సరేనంటే తప్ప వాటిని బల్ల మీద పెట్టనివ్వరు.